ఎండ అందరికీ, హెచ్చరిక కొందరికేనా?

పొలం గట్టు తగాదా గురించి మాట్లాడేందుకు బాగేపల్లి తాలూకా నుంచి ఒక రైతు దంపతులు పోయిన వేసవిలో నా దగ్గరికి వచ్చారు. వెంట పదేళ్ల కొడుకున్నాడు. ఆ తల్లి చంకన గుడ్డ సంచి, అందులో తడిబట్ట చుట్టిన ఒక చెంబు ఉన్నాయి. నీళ్లేమో అనుకున్నాను, కాదు. చెంబులో ఇన్సులిన్ సీసా ఉంది. పిల్లవాడికి టైప్ వన్ మధుమేహం. గట్టు తగాదా పది నిమిషాల్లో ముగిసింది. ఆ సీసా కథ వినడానికి రెండు గంటలు పట్టింది.

అంతకు నెల కిందట మిట్టమధ్యాహ్నం బడి నుంచి ఇల్లు చేరిన పిల్లవాడికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, మాట తడబడింది. ఎండదెబ్బ అనుకొని వేపచెట్టు కింద పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, ఉప్పు మజ్జిగ తాగించారు. అది ఎండదెబ్బ కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. అదే జబ్బున్న పొరుగింటి పెద్దాయన గుర్తుపట్టి, పిల్లవాడికి ఇంకా స్పృహ ఉండగానే చక్కెర నీళ్లు తాగించాడు కాబట్టి ప్రాణం నిలిచింది. ఆ భయంతో తల్లి మరింత జాగ్రత్త పడి, ఇన్సులిన్‌ను పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే పైఅరలో పెట్టించింది. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఈసారి చక్కెర ఆకాశానికి ఎక్కింది, వాంతులు మొదలయ్యాయి, ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండవలసి వచ్చింది. అక్కడ ఆమెకు దొరికిన ఓదార్పు ఒక్కటే: “చీటీలో రాసే ఉంది కదా, చదువుకోలేదా?”

చీటీ చూపించమన్నాను. సగం ఇంగ్లీషు, సగం కన్నడం. ఆమెకు ఏ లిపీ రాదు. “నోటితోనైనా చెప్పలేదా అమ్మా?” అని అడిగాను. “చెప్పినారు సార్, కన్నడంలో గబగబా చెప్పినారు. నేను ఆయితు, ఆయితు అని తల ఊపినా” అంది.

ఆ ‘ఆయితు’ అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. సరిహద్దు జిల్లాల తెలుగువాడు కచేరీలో, బ్యాంకులో, ఆసుపత్రిలో అర్థంకాని ప్రతి మాటకూ చెప్పే జవాబు అదే. ఎదుటివాడు దాన్ని అంగీకారం అనుకుంటాడు. నిజానికి అది సిగ్గుతో వేసుకున్న ముసుగు.

ఎండ ఈ పిల్లలను ఏం చేస్తుంది?

ఈ జబ్బు ఉన్నవారి ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. బయటినుంచి సూదితో ఇచ్చేదే ఆధారం. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో ఇరవై ఏళ్లలోపు వారిలోనే ఇలాంటివారు రెండు లక్షలకు పైగా ఉన్నారు. వీరిమీద ఎండ పలువైపుల నుంచి దాడి చేస్తుంది.

వేడికి చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి. అప్పుడు సూదిమందు మామూలుకంటే వేగంగా రక్తంలో కలిసి చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. ఎండకు ఆకలి చచ్చి పిల్లవాడు సగం ముద్దతో లేచిపోయినా, సూది మాత్రం ఎప్పటి మోతాదులోనే పడితే ప్రమాదం రెట్టింపు.

ఒంట్లో నీరు తగ్గితే దీనికి తలకిందులు జరుగుతుంది. రక్తంలో చక్కెర చిక్కబడుతుంది. చక్కెర పెరిగిన కొద్దీ మూత్రం ఎక్కువ పోతుంది, దానితో నీరు ఇంకా తగ్గుతుంది. ఈ సుడిగుండం చివర కీటోన్లు పేరుకొని ప్రాణాపాయం వస్తుంది. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం దాని గుర్తులు. ఇళ్లలో వీటిని కూడా ‘ఎండ తగిలింది’ అనే అనుకుంటారు.

ఇక మందు సంగతి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని, వాడకంలో ఉన్నదాన్ని 25 లేక 30 డిగ్రీలు దాటనివ్వక సుమారు నాలుగు వారాల్లో వాడేయాలని తయారీదారులు చెబుతారు. మానవ ఇన్సులిన్ సీసాలు అంతకుమించిన వేడిని కొంతకాలం తట్టుకోగలవని 2023లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఇది పేదలకు ఊరటే. కానీ నేరుగా ఎండ తగిలే కిటికీ, మోటారు సైకిలు పెట్టె, రేకుల కప్పు కింది గూడు ఆ లెక్కలోకి రావు. చక్కెర చూసే యంత్రాలు, వాటి పట్టీలు కూడా చాలావరకు 40 డిగ్రీలు దాటితే సరైన లెక్క చూపవు.

అన్నిటికంటే మోసకారి సంగతి మరొకటుంది. చక్కెర పడిపోతే చెమట, వణుకు, తల తిరుగుడు, అయోమయం. ఎండదెబ్బ తగలబోయేటప్పుడు కూడా దాదాపు ఇవే గుర్తులు. ఈ తేడాను విడమరిచి చెప్పవలసింది ఏ భాషలో? తల్లికి అర్థమయ్యే భాషలో కాదా?

40 డిగ్రీల దాకా ఆగుతారా?

మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరితేనే వాతావరణ శాఖ వడగాలి మాట ఎత్తుతుంది. ఇన్సులిన్ సీసాకు గండం 30 దాటిన రోజే మొదలవుతుంది. ఈ నడిమి పది డిగ్రీల గురించి హెచ్చరించే నాథుడు లేడు. 2024 ఏప్రిల్ 28న చల్లని ఊరని పేరున్న బెంగళూరులోనే 38.5 డిగ్రీలు నమోదైంది. అంతకంటే పల్లంలో, అనంతపురం మెట్టను ఆనుకొని ఉన్న బాగేపల్లి గతి వేరే చెప్పాలా?

“నీళ్లు బాగా తాగండి” అన్నది ప్రతి వేసవిలో వినబడే సలహా. బోరుబావిలో ఫ్లోరైడు నీరు వచ్చే పల్లెవాడు ఏ నీళ్లు తాగాలో కూడా ఆ చెప్పేవారే చెప్పాలి.

పట్టుపురుగుపాటి చేయడా?

శిడ్లఘట్ట, చింతామణి వైపు పట్టుపురుగులు పెంచే ఇంటికి వేసవిలో వెళ్లి చూడండి. కిటికీలకు తడి గోనెసంచులు వేలాడుతుంటాయి. గోడకు ఉష్ణమాపకం ఉంటుంది. పురుగుకు 25 డిగ్రీల చుట్టూ ఉండాలని అక్షరం రాని రైతుకూ తెలుసు. ఎలా తెలిసింది? ఎవరో వచ్చి, అరుగుమీద కూర్చొని, తెలుగులో చెప్పారు కాబట్టి. పురుగు చస్తే గూడు లేదు, గూడు లేకపోతే సంతలో వ్యాపారం లేదు. వ్యాపారానికి మా భాష వచ్చు. వైద్యానికి ఎందుకు రాదు?

తడి గోనెసంచి పనిచేసే సూత్రంతోనే ఇన్సులిన్‌నూ కాపాడుకోవచ్చు. మట్టికుండలో సీసా పెట్టి, కుండ చుట్టూ తడి ఇసుకో తడిబట్టో ఉంచితే ఆవిరయ్యే నీరు లోపలి వేడిని తగ్గిస్తుందని వేడి దేశాల్లో పరీక్షించి 2016లో ప్రచురించారు. ఈ ఉపాయం మన అవ్వలకు పుట్టుకతో తెలుసు. అయినా వారి భాషలో వారికెవరూ చెప్పలేదు.

ఓట్లకు కూడా మా భాష వచ్చు. 2023 శాసనసభ ఎన్నికల్లో హాస్యనటుడు బ్రహ్మానందం చిక్కబళ్లాపురం వీధుల్లో ప్రచారం చేశారు. మా వీధుల్లో మైకులు తెలుగు మాట్లాడితే ఎవరికీ అభ్యంతరం కనబడలేదు. ఓటు అడగడానికి పనికొచ్చిన భాష ఒక బిడ్డ ప్రాణం నిలపడానికి పనికిరాదా?

చట్టం ఏమంటున్నది?

మేము దయ కోరడం లేదు. భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటు వేళ, 1956లో, కేంద్రం రూపొందించిన రక్షణల పత్రం ఒకటుంది. ఒక ప్రాంత జనాభాలో అల్పసంఖ్యాక భాష వారు 15 నుంచి 20 శాతం ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలను ఆ భాషలోనూ వెలువరించడం మేలని అందులో ఉంది. చిక్కబళ్లాపురం జిల్లాలో తెలుగువారు ఆ హద్దును ఎన్నడో దాటారు. ఇక బాగేపల్లిలో మేము అల్పసంఖ్యాకులమన్న మాట కాగితం మీదిదే. అదే ఏడాది ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. 350వ అధికరణం ప్రకారం తన కష్టాన్ని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి విన్నవించుకొనే హక్కు ప్రతి మనిషికీ ఉంది.

రోగికి తగిన సమాచారం ఇవ్వకుండా తీసుకున్న సమ్మతి సమ్మతి కాదని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అర్థంకాని భాషలో విన్నదానికి ‘ఆయితు’ అని తల ఊపితే అది తెలిసి ఇచ్చిన సమ్మతి ఎలా అవుతుంది? 2024లో రంజిత్‌సింహ్ కేసులో అదే న్యాయస్థానం వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కును 14, 21 అధికరణాల్లో గుర్తించింది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఎండ హెచ్చరిక ప్రజల భాషలో రావడం ప్రాణహక్కులో భాగమన్నదే నా వాదన.

“వారికి కన్నడం వచ్చు కదా?”

ఈ ప్రశ్న ప్రతి కచేరీలోనూ ఎదురవుతుంది. వచ్చు. సంతలో బేరమాడేంత వచ్చు, బస్సు ఎక్కేంత వచ్చు. కానీ కడుపులో దేవుతున్నదా, గుండె దడగా ఉందా, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయా అన్నది మనిషి తల్లిభాషలోనే చెప్పగలడు. ఇది కన్నడం మీద ద్వేషం కాదు. కన్నడం మాకు అన్నం పెట్టిన భాష, మా పిల్లలు దాన్ని చక్కగా నేర్వాలి. కైవారం తాతయ్య ఈ గడ్డమీదే తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడాడు. ఆయనకు లేని ఇరుకు మనకెందుకు?

మరో నిజం కూడా ఒప్పుకోవాలి. మన ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ కన్నడ లిపి మాత్రమే చదవగలవారు వేలాదిగా ఉన్నారు. తెలుగు లిపిలో కరపత్రాలు అచ్చువేసి చేతులు దులుపుకొంటే వారికి అందదు. కాబట్టి మేము మొదట అడిగేది నోటిమాట, తరువాతే అచ్చు. కన్నడ లిపిలో తెలుగు మాటలు రాసినా మాకు సమ్మతమే. ప్రాణం పోయే చోట లిపి పంతం పనికిరాదు.

“ఖర్చు” అంటారు. అహ్మదాబాదు నగరం 2010 నాటి వడగాలి చావుల తరువాత 2013లో వేడిమి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, స్థానిక భాషలో హెచ్చరించడం అందులో భాగం. ఆశా కార్యకర్త ఇంటిగడప తొక్కుతూనే ఉంది, ఆమెలో చాలామందికి తెలుగు ఇంటిభాష. కొత్తగా కావలసింది డబ్బు కాదు, ఒక ఉత్తర్వు.

మేము అడిగేవి

ఒకటి, మార్చి నుంచి జూన్ వరకు ఎండ హెచ్చరికలు బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం తాలూకాల్లో కన్నడంతోపాటు తెలుగులోనూ దండోరా, రేడియో, ఫోను సందేశాల ద్వారా రావాలి.

రెండు, ఇన్సులిన్ ఇచ్చే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో దాన్ని దాచే విధానాన్ని రోగి భాషలో చెప్పి, తిరిగి అతని నోటితో చెప్పించుకోవాలి.

మూడు, ప్రభుత్వ మధుమేహ పరీక్షలు ముప్పై ఏళ్లు దాటినవారి చుట్టే తిరుగుతున్నాయి. టైప్ వన్ పిల్లల జాబితా తాలూకావారీగా తయారు చేసి, వారి బడి ఉపాధ్యాయులకు చక్కెర పడిపోయే గుర్తులు నేర్పాలి.

మనం చేయవలసినవి

ఆ ఉత్తర్వు వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోవద్దు. ఇంట్లో ఇన్సులిన్ వాడే బిడ్డ ఉంటే, ఎండవేళ చెమట, వణుకు కనబడగానే ముందు చక్కెర పరీక్షించండి. పరీక్షకు వీలు లేకపోతే, స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంటకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. ఉప్పు మజ్జిగ, రాగి అంబలి అప్పటికప్పుడు చక్కెరను లేపవు. స్పృహ లేకపోతే నోట ఏదీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. వాంతులైనా ఇన్సులిన్ పూర్తిగా మానవద్దు, వెంటనే వైద్యుణ్ని అడగండి. వేసవికి మోతాదు మార్చాలో లేదో ముందే ఆయనతో మాట్లాడుకోండి.

ఇక ప్రతి ఇంటినుంచి ఒక అర్జీ జిల్లాధికారికి వెళ్లాలి. తెలుగులోనే రాయండి, 350వ అధికరణాన్ని పేర్కొనండి. అందినట్టు రసీదు అడిగి తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద, అక్కడ మాత్రం కన్నడంలోనో ఇంగ్లీషులోనో, ఏ చర్య తీసుకున్నారని అడగండి. రాయలేనివారు నోటితో చెబితే రాసుకొనేందుకు సాయపడవలసిన బాధ్యత ఆ చట్టం ఆరవ సెక్షను ప్రకారం అధికారిదే.

చివరగా ఒక్క మాట. అర్థం కానప్పుడు ‘ఆయితు’ అనకండి. “నాకు అర్థం కాలేదు, తెలుగులో చెప్పండి” అని తల ఎత్తి అడగండి. ఆ ఒక్క వాక్యం చెప్పే ధైర్యం ఆ తల్లికి మనం ముందే ఇచ్చి ఉంటే, ఆ పిల్లవాడు నాలుగు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉండేవాడు కాదు.