రేపల్లె నుంచి గన్నవరం ఎంత దూరం?

గన్నవరం విమానాశ్రయం నుంచి హైదరాబాద్ (శంషాబాద్)కు ఆకాశమార్గాన సుమారు 265 కిలోమీటర్లు. ఢిల్లీకైతే దాదాపు 1,390. అయిదింతలకు పైగా దూరం. కానీ టికెట్ మీద హైదరాబాద్‌కు గంట అని ఉంటే, ఢిల్లీకి రెండుంబావు గంటలని ఉంటుంది.

టికెట్ మీది సమయం విమానం గాల్లో ఎగిరే సమయం ఒక్కటే కాదు. ఇక్కడ కదిలింది మొదలు అక్కడ నిలిచేదాకా అంతా లెక్కలోకి వస్తుంది. రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, దిగేందుకు వంతు రావడం వంటివి ఊరు దగ్గరైనా దూరమైనా తప్పవు. పైగా దగ్గరి ఊళ్లకు ఎక్కువగా తిరిగే ఏటీఆర్ విమానం వేగం గంటకు 500 చిల్లర కిలోమీటర్లు. ఢిల్లీ వెళ్లే ఎయిర్‌బస్‌ది 800 పైమాటే.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రయాణికులకు మాత్రం అసలు పొద్దు నేల మీదే గడిచిపోతుంది. రేపల్లెకు గన్నవరం దాదాపు సూటిగా ఉత్తరాన, 60 కిలోమీటర్ల లోపే ఉంది. మధ్యలో కృష్ణ అడ్డు. పెనుమూడి-పులిగడ్డ వారధి దాటి దివిసీమ మీదుగా వెళ్లాలి, లేదంటే తెనాలి, విజయవాడ చుట్టి రావాలి. రెండో దారిలో 85 కిలోమీటర్లకు తక్కువ కాదు.

ఉదయం 7 గంటల విమానానికి రేపల్లె కుటుంబం బయల్దేరిందనుకుందాం. 5 గంటలకు విమానాశ్రయంలో ఉండాలంటే 3 గంటలకే కారెక్కాలి. 8 గంటలకు శంషాబాద్‌లో దిగి, సామాను తీసుకుని, సికింద్రాబాద్ చేరేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. మొత్తం ఆరున్నర గంటల ప్రయాణంలో విమానానిది ఒక్క గంట! తెనాలిలో నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గుంటూరు, నల్గొండ మీదుగా వెళ్లినా ఇంచుమించు అంతే పడుతుంది, అదీ నిద్రలోనే.

ఈ ప్రాంతంలో రన్‌వే లేదనడానికీ లేదు. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద అత్యవసర ల్యాండింగ్ కోసం కట్టిన 4.1 కిలోమీటర్ల కాంక్రీటు పట్టీ ఉంది. గన్నవరం రన్‌వే 3.36 కిలోమీటర్లే. 2022 డిసెంబర్ 29న వైమానిక దళం కొరిశపాడు పట్టీ మీద తొలి పరీక్షలు జరిపింది. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దాని మీద దిగి, తిరిగి ఎగిరాయి. అయితే అది తుపానులకూ యుద్ధ సన్నద్ధతకూ ఉద్దేశించింది, టికెట్ కొన్నవారికి కాదు.

కొత్త విమానాశ్రయం అడగడం కన్నా ఉన్న పట్టాల వైపు చూడటం మేలు. బాపట్ల, తెనాలి, విజయవాడ, గన్నవరం నాలుగూ చెన్నై-హౌరా ప్రధాన మార్గం మీదే ఉన్నాయి. రేపల్లె శాఖ తెనాలిలో కలుస్తుంది. బాపట్ల నుంచి గన్నవరానికి పట్టాల మీద వంద కిలోమీటర్ల లోపే. తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం విమానాల వేళకు సరిపోయేలా ఒక మెము బండి నడిపి, గన్నవరం స్టేషన్ బయట టెర్మినల్‌కు బస్సు సిద్ధంగా ఉంచితే ఆ కుటుంబానికి కారు ఖర్చు మిగులుతుంది, విజయవాడ ట్రాఫిక్ బెడద తప్పుతుంది. ఇందుకు కొత్తగా భూసేకరణ అక్కర్లేదు. రైల్వే, ఆర్టీసీ, విమానాశ్రయ అధికారులు ఒకచోట కూర్చుని వేళలు కుదుర్చుకోవాలి.