అభ్యంతరాలకు గడువు ఏడు రోజులు

ఎక్స్ఛేంజ్ యాప్‌లోంచి ఈథర్ బయటికి పంపేటప్పుడు ఒక చిన్న లిస్టు వస్తుంది. ఈథీరియం, ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, బేస్... ఏ నెట్‌వర్క్ కావాలి అని అడుగుతుంది. మనం ఏం చేస్తాం? ఫీజు ఎక్కడ తక్కువుంటే అది నొక్కేస్తాం. ఆ నొక్కుతో మన డబ్బుకు కాపలాదారు మారిపోయాడన్న సంగతి మాత్రం ఆ లిస్టులో కనపడదు.

ఈథీరియం మీద చాలాకాలం సెకనుకు ఓ 15 లావాదేవీలే పట్టేవి. జనం ఎక్కువైతే ఫీజు ఆకాశంలో ఉండేది. అందుకని రోలప్‌లు వచ్చాయి. లావాదేవీలన్నీ పక్కన వేరేచోట నడిపేసి, వాటి వివరాలనూ చివరి ఫలితాన్నీ మూటగట్టి ఈథీరియం మీద పెడతారు. షేర్ ఆటోలో లాగా ఖర్చు అందరూ పంచుకుంటారన్నమాట.

మరి ఆ పక్కన నడిపేవాడు తప్పుడు లెక్క పెడితే? మీ ఖాతాలోది తన ఖాతాలో రాసుకుంటే?

పోటీ పరీక్షలు రాసినవాళ్లకి దీని జవాబు ఇట్టే అర్థమవుతుంది. ముందు ప్రాథమిక కీ వదులుతారు. అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా పెట్టండి అంటారు. ఎవరూ పెట్టకపోతే అదే ఫైనల్ కీ. పైన చెప్పిన మూడు రోలప్‌లదీ ఇదే పద్ధతి. వీటిని ఆప్టిమిస్టిక్ రోలప్‌లు అంటారు. లెక్క సరైనదే అని ముందు నమ్మేస్తారు, అభ్యంతరానికి సుమారు ఏడు రోజులు టైమిస్తారు. నిఘా వేసినవాళ్లలో నిజాయితీపరుడు ఒక్కడున్నా చాలు, తప్పు లెక్క కొట్టేయించగలడు. మీ డబ్బు తిరిగి ఈథీరియంకి తెచ్చుకోవడానికి వారం పట్టేది ఇందుకే.

వినడానికి బాగుంది. కానీ ఆప్టిమిజంలో 2024 జూన్ వరకూ అభ్యంతరం పెట్టే హక్కు బయటివాళ్లకు లేనేలేదు! వారం గడువు ఉంది, లింకు లేదు. బేస్‌కైతే ఆ హక్కు 2024 అక్టోబర్ చివర్లో గానీ రాలేదు. అన్నాళ్లూ వేల కోట్ల రూపాయల విలువైన డబ్బు నడిపేవాళ్ల మంచితనం మీదే ఆధారపడి ఉంది. దాచారని అనలేం, డాక్యుమెంట్లలో రాసే పెట్టారు. డాక్యుమెంట్లు చదివేదెవరు?

ఇంకో ముచ్చట. జూన్‌లో తెరిచిన ఆ హక్కును ఆప్టిమిజం ఆగస్టులో మళ్లీ మూసేసింది. ఆడిట్‌లో ఆ అభ్యంతరాల వ్యవస్థలోనే లోపాలు దొరికాయి. సరిచేసి సెప్టెంబర్‌లో తెరిచారు. పరువు చూసుకోకుండా మూయడం మంచి పనే అంటాను.

జెడ్‌కే రోలప్‌లు అని ఇంకో రకం ఉన్నాయి. ఇక్కడ గడువూ అభ్యంతరాలూ ఉండవు. ప్రతి మూటతోపాటు, లెక్క సరిగ్గా చేశామని గణితంతో కట్టిన రుజువు ఇవ్వాల్సిందే. సుడోకు పూర్తిచేయడానికి గంట పట్టినా, సరిచూడ్డానికి నిమిషం చాలు కదా, అలాంటిది. అయితే ఆ రుజువును తయారుచేసే, సరిచూసే కోడ్ మనుషులే రాయాలి. ఆ కోడ్ చాలా చిక్కుగా ఉంటుంది. బగ్ ఉంటే తప్పుడు లెక్కక్కూడా రుజువు దొరికే ప్రమాదముంది.

ఇంతా చేస్తే, గణితం కంటే పెద్ద ప్రశ్న తాళంచెవిది. కోడ్ మార్చే అధికారం ఎవరిది? ఆర్బిట్రమ్‌లో 12 మంది భద్రతా మండలి ఉంది. అత్యవసరమైతే అందులో 9 మంది సంతకంతో కోడ్ మార్చేయొచ్చు. తొమ్మిది మంది నయమే. తాళాలు పలచబడితే ఏమవుతుందో రోనిన్ చూపించింది. అప్పట్లో అది రోలప్ కాదు, యాక్సీ ఇన్ఫినిటీ గేమ్ కోసం వియత్నాం కంపెనీ స్కై మేవిస్ నడిపిన సైడ్‌చెయిన్. దాని వంతెనకు తొమ్మిది తాళాలు, ఐదు తెరిస్తే చాలు. నాలుగు ఆ కంపెనీవే. ఐదోది వేరే సంస్థది, కానీ రద్దీ తట్టుకోవడానికి 2021 నవంబర్‌లో తన తరఫున సంతకం చేసే అనుమతి కంపెనీకిచ్చింది. డిసెంబర్‌లో అవసరం తీరింది, అనుమతి మాత్రం తీసేయలేదు. 2022 మార్చి 23న దొంగలు లోపలికొచ్చి 1,73,600 ఈథర్, రెండున్నర కోట్ల డాలర్ల పైచిలుకు యూఎస్‌డీసీ పట్టుకుపోయారు. ఇది ఉత్తర కొరియా లాజరస్ ముఠా పని అని ఎఫ్‌బీఐ తేల్చింది. కంపెనీకి తెలిసింది ఆరు రోజుల తర్వాత, అదీ ఒక యూజర్ తన 5,000 ఈథర్ తీసుకోబోతే రాకపోవడంతో.

కాబట్టి పంపే ముందు ఎల్2బీట్ సైట్‌లో ఆ నెట్‌వర్క్ పేరు కొట్టి చూడండి. స్టేజ్ 0, 1, 2 అని గుర్తులుంటాయి. సున్నా అంటే పగ్గాలు ఇంకా నడిపేవాళ్ల చేతుల్లోనే ఉన్నాయని, రెండంటే దాదాపు కోడ్‌కే వదిలేశారని. నిమిషం పని.

ఇక "వారం ఆగాలంటున్నారు, నాకు ఫలానా యాప్‌లో పది నిమిషాల్లో వచ్చేసిందే" అంటారా? అది రోలప్ ఇచ్చిన డబ్బు కాదు. మధ్యలో ఎవరో తన జేబులోంచి మీకిచ్చి, కమిషన్ పట్టుకుని, ఆ వారం మీ బదులు తను ఎదురుచూస్తున్నాడు.