పొగలో మగ్గిన మాంసం: భయపడవలసింది దేనికి?

మన సంఘ కుటుంబాలలో పలువురి కుమారులు, కుమార్తెలు ఉద్యోగాల నిమిత్తం అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాలలో స్థిరపడ్డారు. వారిని చూడడానికి వెళ్లే తల్లిదండ్రులు నెలల తరబడి అక్కడ ఉండి వస్తున్నారు. సెలవు రోజులలో అక్కడి ఇళ్ల పెరట్లో జరిగే పెద్ద వంట ఒకటుంది. అదే బీఫ్ బ్రిస్కెట్. ఇరుగుపొరుగువారిని, సంఘస్థులను పిలిచి పెట్టే విందు అది.

ఈ వంట గురించి రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. "పొగ తగిలిన మాంసం తింటే క్యాన్సర్ వస్తుంది, ముట్టుకోవద్దు" అని కొందరు. "నూనె లేదు, మసాలా లేదు, కట్టెల మీద వండినది, ఎంతైనా తినవచ్చు" అని మరికొందరు. ఈ రెండు మాటలూ సరికావని మా అభిప్రాయం. ఒక్క పూట పొగకు భయపడేవారు కూడా అసలు భయపడవలసిన చోట నిర్లక్ష్యంగా ఉంటున్నారు. జాగ్రత్త అవసరమైన విషయాలు మూడు: మాంసం చల్లారే సమయం, బొగ్గులు ఉంచే చోటు, పళ్లెంలో వడ్డించే పరిమాణం.

ఇది ఎలాంటి వంట?

బ్రిస్కెట్ అంటే పశువు ఎదభాగం. శరీర బరువును మోసే కండరం కనుక గట్టిగా, పీచుగా ఉంటుంది. అందులో కొలాజెన్ అనే పదార్థం ఎక్కువ. మంట మీద త్వరగా కాలిస్తే ఈ మాంసం నమలడానికి కూడా రాదు. చిన్న సెగ మీద గంటల తరబడి మగ్గితే ఆ కొలాజెన్ కరిగి మెత్తని జెలటిన్‌గా మారుతుంది. 19వ శతాబ్దంలో మధ్య టెక్సాస్‌లో స్థిరపడిన జర్మన్, చెక్ జాతుల మాంసం వ్యాపారులు తమ దుకాణాలలో మాంసాన్ని పొగబెట్టి అమ్మేవారు. అక్కడి లాక్‌హార్ట్ అనే చిన్న పట్టణాన్ని 1999లో ఆ రాష్ట్ర ప్రతినిధుల సభ టెక్సాస్ బార్బెక్యూ రాజధానిగా ప్రకటించింది.

పెరటి గ్రిల్ మీద దీనిని వండేవారు బొగ్గులను ఒక పక్కకు చేర్చి, మాంసాన్ని రెండవ పక్కన ఉంచుతారు. మాంసం కింద నీళ్ల పళ్లెం, బొగ్గుల మీద ఒకటి రెండు ఓక్ చెక్క ముక్కలు పెట్టి మూత వేస్తారు. లోపలి వేడి 225 నుండి 250 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 107 నుండి 121 సెల్సియస్) మధ్య నిలపాలి. ఐదారు కిలోల ముక్కకు 10 నుండి 14 గంటలు పడుతుంది.

మధ్యలో ఒక చిక్కు వస్తుంది. మాంసం లోపలి వేడి 150, 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరకు వచ్చి గంటల తరబడి పెరగకుండా నిలిచిపోతుంది. మట్టికుండ చెమర్చి నీరు చల్లబడినట్లే, మాంసం పైన తడి ఆవిరవుతూ దానిని చల్లబరుస్తుంది. ఓపిక లేనివారు ఇక్కడే మంట పెంచుతారు. మాంసాన్ని బొగ్గుల మీదికి జరుపుతారు. కొవ్వు నిప్పుల మీద పడి భగ్గున మండుతుంది, నల్లని పొగ లేస్తుంది, పైభాగం మాడుతుంది. క్యాన్సర్‌కు కారణం కాగల పదార్థాలు ఎక్కువగా తయారయ్యేది ఇలాంటప్పుడే. అలా తొందరపడకుండా, ముక్కను కాగితంలోనో ఫాయిల్‌లోనో చుట్టి వేచి ఉండాలి. లోపల 200 డిగ్రీల ఫారెన్‌హీట్ (93 సెల్సియస్) దగ్గరకు వచ్చేసరికి మెత్తబడుతుంది.

మొదటి జాగ్రత్త: కన్ను కాదు, థర్మామీటరు

పొగలో వండిన మాంసం అంచున గులాబీ రంగు పట్టీ కనబడుతుంది. పొగలోని వాయువులు మాంసంలోని రంగుతో కలిసినందువల్ల వచ్చినది అది. పచ్చిదని అర్థం కాదు. అలాగే పైన నల్లగా ఉన్నంత మాత్రాన లోపల ఉడికిందనీ కాదు. కనుక మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు ఒక్కటే నమ్మదగినది.

"మా అమ్మ ఏ థర్మామీటరు పెట్టి వండింది?" అని అడగవచ్చు. మన ఇళ్లలో మాంసాన్ని చిన్న ముక్కలు కోసి, కుండలో తెర్లేలా ఉడికించి, వేడిగా తింటాము. అక్కడ థర్మామీటరు అవసరం లేదు. ఐదారు కిలోల ఒకే ముక్క సంగతి వేరు.

వండడం కంటే ముఖ్యమైనది వండిన తరువాతి సమయం. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజాలు వంట వేడికి కూడా చావవు. పెద్ద మాంసం ముక్క నెమ్మదిగా చల్లారేటప్పుడు అవి మొలకెత్తి వేగంగా పెరుగుతాయి. తిన్న 6 నుండి 24 గంటలలో కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఆరోగ్యవంతులకు ఒక రోజులో తగ్గిపోవచ్చు. కానీ బీపీకి నీరుమాత్రలు వాడే డెబ్బై ఏళ్ల తల్లికి, చంటిబిడ్డకు, మూత్రపిండాల రోగికి ఒంట్లో నీరు పోవడం చిన్న విషయం కాదు. మన పెళ్లిళ్లలో పెద్ద డేగిసాలో కూర మిగిలి రాత్రంతా అలాగే ఉండిపోయినప్పుడు జరిగేది కూడా ఇదే.

కాబట్టి వడ్డించే వరకు మాంసం 140 డిగ్రీల ఫారెన్‌హీట్ (60 సెల్సియస్) కంటే చల్లబడకూడదు. మిగిలినదాన్ని రెండు గంటలలోపు పలుచని ముక్కలుగా కోసి, లోతులేని గిన్నెలలో ఫ్రిజ్‌లో పెట్టాలి. టెక్సాస్ వేసవిలో బయట 90 డిగ్రీల ఫారెన్‌హీట్ (32 సెల్సియస్) దాటితే ఒక గంటే గడువు. మూడు నాలుగు రోజులలో, 165 డిగ్రీలకు (74 సెల్సియస్) తిరిగి వేడిచేసి ముగించాలి.

రెండవ జాగ్రత్త: బొగ్గులు ఇంట్లోకి రాకూడదు

వాన వచ్చిందనో చలిగా ఉందనో గ్రిల్‌ను గ్యారేజీలోకి జరపడం ప్రాణాంతకం. మండే బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగతతో మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా చాలదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు, వెచ్చదనం కోసం బొగ్గుల గ్రిల్‌లు, జనరేటర్లు, కార్లు మూసిన చోట్ల నడిపినవారిలో అనేకులు ఈ విషవాయువు బారిన పడ్డారు, కొందరు మరణించారు. వంట ముగిసినా బొగ్గులు పూర్తిగా చల్లారే వరకు గ్రిల్ ఆరుబయటే ఉండాలి.

ఇంకొక మాట. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊది ఊపిరితిత్తులు దెబ్బతిన్న తల్లులు, ఆస్తమా ఉన్నవారు గ్రిల్ దగ్గర కూర్చోకూడదు. పెరటి పొగ కూడా పొగే. వారికి గాలి వచ్చే వైపున, దూరంగా కుర్చీ వేయండి.

మూడవ జాగ్రత్త: పళ్లెంలో ఎంత?

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఉప్పువేసి, పొగబెట్టి లేదా ఇతర పద్ధతులలో నిల్వ కోసం, రుచి కోసం మార్చిన మాంసాన్ని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. ప్రతిరోజూ 50 గ్రాములు తినేవారికి పెద్దప్రేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని తెలిపింది. ఇందులో "ప్రతిరోజూ" అనే మాటను గమనించాలి. పండుగకు ఒకసారి తినేవారిని భయపెట్టే లెక్క కాదిది. అయితే వారం వారం బ్రిస్కెట్, మధ్యలో సాసేజీలు, బేకన్ తినేవారు మాత్రం దీనిని తప్పక పట్టించుకోవాలి.

బ్రిస్కెట్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి కొవ్వు ఎక్కువగా ఉన్న మందపాటి భాగం, రెండవది పలుచని భాగం. గుండెజబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవారు పలుచని భాగం నుండి, అంచు కొవ్వు తీసేసి, మూడు నాలుగు ముక్కలతో సరిపెట్టుకోవాలి. పైన పట్టించే పొడిలో ఉప్పు ఎక్కువ కనుక బీపీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ నల్లని పైపొరను పక్కన పెట్టాలి. సీసాలో అమ్మే బార్బెక్యూ సాస్‌లో చక్కెర ఎక్కువ అని షుగర్ ఉన్నవారు గుర్తుంచుకోవాలి. పక్కన క్యాబేజీ, ఉల్లి, కీర ముక్కలు, బీన్స్ పెడితే పళ్లెం నిండుతుంది, మాంసం తగ్గుతుంది.

అతిథి పట్ల బాధ్యత

పన్నెండు గంటలు నిప్పు దగ్గర కాపలా కాసేవారికి, వండిన తరువాత రెండు గంటల గడువు పాటించడం కష్టం కాదు. విందులో అందరికంటే బలహీనులు ఎవరో, వారిని దృష్టిలో పెట్టుకొని వండితే అందరూ క్షేమంగా ఉంటారు. అమెరికాలో ఉన్న మీ పిల్లలతో ఈ వారం ఫోనులో మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ఇంట్లో మాంసం థర్మామీటరు ఉందా? పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందా? రెండూ తక్కువ ఖర్చుతో వచ్చేవే. గ్రిల్ వెలిగించే ముందు ఇవి ఇంట్లో ఉండాలి.