సూది మందు పడే రోజుల్లో...

డాక్టరు గారు చీటీ మీద ‘వారం రోజులు, రెండు పూటలా ఇంజక్షను’ అని రాశారనుకోండి. ఇంట్లో మగవాళ్ళు ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకి పరుగెడతారు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది మాత్రం మనమే! సూది ఎన్నింటికి వేశారు, వేశాక ఒళ్ళేమైనా దురద పెట్టిందా, రాత్రి ఎన్నిసార్లు బాత్‌రూముకి లేచారు... ఇవన్నీ తెలిసేది మనకే. డాక్టరు గారు వచ్చి రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోతారు. ఆ రెండు నిమిషాల్లో మనం ఏం చెప్పామన్నది చిన్న విషయం కాదు. అందుకని ఈ వారం పచ్చళ్ళూ పొడులూ కాస్త పక్కన పెట్టి, యాంటీబయాటిక్ ఇంజక్షన్ల గురించి మాట్లాడుకుందాం.

మా అత్తగారికి షుగరు. కిందటేడు కాలు వాచి, ఎర్రగా కంది, చలిజ్వరం వచ్చేస్తే సెల్యులైటిస్ అన్నారు. ఆసుపత్రిలో పెట్టి సెఫ్ట్రియాక్సోన్ అనే మందు ఎక్కించారు. ఆ రోజుల్లో డాక్టరు గారినీ, నర్సమ్మనీ అడిగి అడిగి తెలుసుకున్నవీ, తర్వాత చదువుకున్నవీ మీకు చెబుతున్నాను. ఈ మందు పేరు మీరూ వినే ఉంటారు. టైఫాయిడుకీ, న్యుమోనియాకీ, కిడ్నీకి పాకిన మూత్రపు ఇన్ఫెక్షనుకీ, మెదడు పొరల వాపుకీ మన ఊళ్ళలో ఎక్కువగా వాడేది ఇదే.

ముందుగా ఒక్క మాట. ‘మాత్రలైతే నెమ్మది, ఇంజక్షనైతే పవరు’ అని మనలో గట్టి నమ్మకం ఉంది. జ్వరం రాగానే ‘ఒక సూది వేసేయండి డాక్టరు గారూ’ అని మనమే అడుగుతాం. వెయ్యకపోతే ఆయనకి వైద్యం రాదంటాం! నిజానికి సూదిలో మహిమేమీ లేదు. వాంతులై మాత్ర నిలవనప్పుడు, రోగి మింగలేనప్పుడు, ఇన్ఫెక్షను రక్తంలోకో మెదడు పొరలకో పాకి మందు వెంటనే అందవలసినప్పుడు ఇంజక్షను ఇస్తారు. కొన్ని మందులు నోటి ద్వారా ఇస్తే ఒంటికి పట్టవు, సెఫ్ట్రియాక్సోన్ అలాంటిదే. అంతేతప్ప మాత్ర తక్కువదేం కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకి అధిపతిగా ఉండగా 1948లో వచ్చిన ఆరియోమైసిన్ నోటితో మింగే మందే. అది ఎందరి ప్రాణాలు నిలిపిందో!

ఇంకొకటి, యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాని. జలుబూ, ఫ్లూ, డెంగ్యూ వంటివి వైరసు వల్ల వస్తాయి. వాటి మీద ఈ మందు పనిచేయదు. అవసరం లేని చోట వాడితే రేపు నిజంగా కావలసినప్పుడు బాక్టీరియా లొంగకుండా మొండికేస్తుంది. 2014 మార్చి నుంచి సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులని హెచ్1 అనే జాబితాలో చేర్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనీ, షాపువాళ్ళు రోగి పేరూ డాక్టరు పేరూ రిజిస్టరులో రాసుకోవాలనీ నియమం పెట్టింది ఇందుకే. డబ్బా మీద ఎర్ర గడిలో హెచ్చరిక కూడా ఉంటుంది, చూడండి.

ఇక మొదటి సూది పడేముందు మనం నోరు విప్పి చెప్పవలసినవి ఉన్నాయి. వాళ్ళు అడుగుతారులే అని ఊరుకోకండి. రాత్రి పూట ఆసుపత్రిలో హడావుడిగా చేర్చినప్పుడు ఎవరూ అడగకపోవచ్చు. ఇదివరకు పెనిసిలిన్, ఆంపిసిలిన్, సెఫాలెక్సిన్ లాంటివి వాడినప్పుడు దద్దుర్లు వచ్చాయా, ముఖం వాచిందా, ఆయాసం వచ్చిందా? పేరు గుర్తులేకపోయినా ‘ఫలానా జ్వరానికి వేసిన మందు పడలేదు’ అని చెప్పండి చాలు. పెనిసిలిన్ పడని వాళ్ళందరికీ సెఫ్ట్రియాక్సోన్ పడదని కాదు. కొద్దిమందికే రెండూ పడవు. వేయాలో వద్దో తేల్చుకునేది డాక్టరు గారు. కానీ చెప్పవలసింది మనం.

కిడ్నీ జబ్బు, లివరు జబ్బు, రక్తం పలచబడటానికి వేసుకునే మాత్రలు, కడుపుతో ఉండటం, చంటిపిల్లకి పాలివ్వడం... ఇవీ చెప్పాలి. ఉదాహరణకి అమికాసిన్, జెంటామైసిన్ అనే ఇంజక్షన్లు కిడ్నీల మీదా, చెవి మీదా ప్రభావం చూపగలవు. అవి వాడేటప్పుడు మధ్యలో క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయిస్తారు. చెవిలో హోరు వచ్చినా, వినికిడి మందగించినా, తల తిరిగినా ఆ రోజే చెప్పాలి. ‘పెద్దతనం, చెముడొస్తోంది’ అని సర్దుకుపోకూడదు సుమా!

రక్తం కల్చరు, మూత్రం కల్చరు తీయాలంటే సాధ్యమైనంత వరకూ మొదటి డోసుకి ముందే తీస్తారు. మందు పడ్డాక తీస్తే ఏ బాక్టీరియానో దొరకడం కష్టం. ‘కల్చరుకి రక్తం తీశారా అండీ?’ అని అడగడంలో తప్పేమీ లేదు. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

సెఫ్ట్రియాక్సోన్ చిన్న సీసాలో పొడిగా వస్తుంది. అప్పటికప్పుడు నీళ్ళు కలుపుతారు. కలిపాక లేత పసుపు రంగులో ఉంటే కంగారుపడకండి, దాని రంగే అంత. అడుగున తేలని ముక్కలు కనిపిస్తే మాత్రం అడగండి. నరానికి వేసేటప్పుడు గబగబా తోసేయరు, నిదానంగా రెండు నుంచి నాలుగు నిమిషాలు తీసుకుని ఇస్తారు, లేదా అరగంట పాటు డ్రిప్పులో ఎక్కిస్తారు. తుంటికి వేస్తే బాగా నొప్పి, అందుకని లిగ్నోకేయిన్ అనే మత్తు మందు కలుపుతారు. ఆ మత్తు కలిపినది నరానికి వేయకూడదు. పంటి డాక్టరు దగ్గర మత్తు సూది వేసినప్పుడు ఎప్పుడైనా ఇబ్బంది పడి ఉంటే అదీ ముందే చెప్పండి.

పురిటి ఇంటివాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. నెల లోపు పసిబిడ్డకి కాల్షియం ఉన్న సెలైను ఎక్కిస్తుంటే సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వకూడదు. రెండూ కలిసి గట్టిపడి బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు. పసిరికలున్న పసికందులకీ ఈ మందు తగదు. పెద్దవాళ్ళలో కూడా ఆర్.ఎల్. అనే సెలైనుతో కలిపి ఒకే గొట్టంలోంచి పంపరు. అయితే ఇది నరంలోకి వెళ్ళే కాల్షియం సంగతి. పాలూ పెరుగూ మానేయమని కాదు. ‘ఇంజక్షన్లు వేడి చేస్తాయి’ అని రోగిని చారన్నం మీద మాడ్చేవాళ్ళున్నారు. ఈ మందుకి పథ్యం ఏమీ లేదు. అరిగేది ఏదైనా పెట్టండి. మజ్జిగ, పెరుగన్నం, మెత్తని పప్పన్నం, ఇడ్లీ శుభ్రంగా పెట్టవచ్చు. మగవారికి మాత్రం ఒక పథ్యం చెప్పాలి. సెఫోపెరజోన్ ఇంజక్షనో, మెట్రోనిడజోలో పడుతున్నప్పుడు మందు పుచ్చుకుంటే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు పట్టుకోవచ్చు. ఆపాక కూడా ఎన్నాళ్ళు ఆగాలో డాక్టరు గారి నోటితోనే చెప్పించండి, మన మాట వింటారా!

చాలా చోట్ల ముందు చర్మం కింద చుక్కంత మందు వేసి పావుగంట చూస్తారు. దాన్ని టెస్టు డోసు అంటాం. చేయి ఎర్రబడలేదు కదా అని నిశ్చింతగా ఉండిపోకండి. టెస్టులో ఏమీ కాకపోయినా అసలు డోసు పడ్డాక ఒళ్ళు తిరగబడవచ్చు. నిన్న, మొన్న బాగానే పడి నాలుగో రోజు తేడా చేసిన వాళ్ళూ ఉంటారు. అందుకే ఇంజక్షను వేయించుకున్న వెంటనే స్కూటరెక్కి ఇంటికొచ్చేయకుండా అరగంట అక్కడే బెంచీ మీద కూర్చోండి. మొదటి డోసు ఇంటి దగ్గర వేయించుకోవడం అసలు వద్దు. వీధి చివర వేసేవాళ్ళున్నారని పొద్దు పోకుండా పని అయిపోతుందనుకుంటాం. ఎడ్రినలిన్ ఇంజక్షను సిద్ధంగా లేని చోట అది చాలా ప్రమాదం.

ఏం కనిపెట్టాలంటే, అరచేతులూ అరికాళ్ళూ దురద, ఒంటి మీద దద్దుర్లు, పెదవులో కళ్ళో ఉబ్బడం, గొంతు పట్టేసినట్టుండడం, ఆయాసం, ఒక్కసారిగా నీరసం, చెమటలు, కళ్ళు తిరగడం, వాంతి. వీటిలో ఏది మొదలైనా వెంటనే నర్సుని గట్టిగా పిలవండి. మందు ఇంకా ఎక్కుతూంటే ఆపమని చెప్పండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి. లేపి నడిపించకూడదు, నీళ్ళు తాగించకూడదు. ఇంటికొచ్చాక మొదలైతే ఆలోచించకుండా 108కి ఫోను చేయండి. మిరియాల కషాయాలతో కాలక్షేపం చేసే సమయం కాదది.

చేతికి పెట్టిన క్యాన్యులా సంగతి మనం బొత్తిగా పట్టించుకోం. మా అత్తగారికి మూడో రాత్రి చేయి నొప్పి అంటే, ‘సూది ఉంది కదమ్మా, నొప్పిగానే ఉంటుంది’ అన్నారు అక్కడివాళ్ళు. లైటు వేసి చూస్తే చెయ్యి తాడులా ఎర్రగా తేలి ఉంది. ఇంకోసారి వెళ్ళి, వాళ్ళు వచ్చి చూసేదాకా కదలకుండా నిలబడ్డాను. చూసి, తీసేసి వేరే చేతికి పెట్టారు. క్యాన్యులా చుట్టూ ఎరుపు, వాపు, వేడి, చీము, తడి కనబడితే అది ఉండకూడదన్నమాట. స్నానం చేయించేటప్పుడు ప్లాస్టిక్ కవరు చుట్టి తడవకుండా చూడండి. ముట్టుకునే ముందు ఎవరైనా సరే చేతులు కడుక్కోవాలి, నర్సమ్మైనా సరే. ఇంజక్షనుకి ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూది మన కళ్ళ ముందే కవరు చింపాలి.

రెండో రోజుకే జ్వరం తగ్గలేదని డాక్టరుని మార్చేస్తుంటారు కొందరు. టైఫాయిడులో మందు సరిగ్గా పనిచేస్తున్నా జ్వరం పూర్తిగా దిగడానికి నాలుగైదు రోజులు పట్టడం మామూలే. దానికి విరుద్ధంగా, మూడో రోజు జ్వరం దిగిందని ‘ఇంక చాల్లెండి, బోలెడు డబ్బు’ అని మానేసేవాళ్ళు ఇంకొందరు. 1941లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఆల్బర్ట్ ఆల్‌గ్జాండర్ అనే పోలీసుకి పెనిసిలిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ప్రాణం మీద ఆశ వదులుకున్న మనిషి నాలుగైదు రోజుల్లో లేచి కూర్చున్నాడు. అప్పటికి లోకంలో ఆ మందు ఉన్నదే కాస్త. అతని మూత్రంలోంచి మళ్ళీ వడకట్టి తీసి మరీ ఇచ్చారు. అయినా అయిపోయింది. ఇన్ఫెక్షను తిరగబెట్టి మార్చిలో అతను పోయాడు. అతనికి మందు దొరక్క పోయాడు, మనకి షాపు నిండా ఉండగా మానేస్తున్నాం! ఎన్ని రోజులన్నది జబ్బుని బట్టి ఉంటుంది. మధ్యలో డాక్టరు గారే ఇంజక్షను ఆపి మాత్రలకి మార్చవచ్చు కూడా. ఖర్చు భారమైతే ఆ మాట దాచకుండా ఆయనతోనే అనండి, చౌకలో వచ్చే కంపెనీ రాస్తారు.

ఈ మందుతో ఒకటి రెండు పలచటి విరేచనాలు అవడం కద్దు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గానీ, ఓ.ఆర్.ఎస్. గానీ ఇవ్వండి. నీళ్ళలా పదే పదే అయినా, రక్తం, జిగట పడినా, జ్వరం మళ్ళీ వచ్చినా సొంతంగా విరేచనాలు కట్టే మాత్ర వేయకుండా డాక్టరుకి చూపించండి. మందు ఆపిన రెండు నెలల దాకా కూడా ఇది రావచ్చు, కాబట్టి ‘ఫలానా ఇంజక్షను వేయించాం’ అని అప్పుడూ చెప్పాలి. నాలుక మీద తెల్లటి పూత, ఆడవాళ్ళకి లోపల దురద, తెల్లబట్ట కూడా కొందరికి వస్తాయి. సిగ్గుపడి నెలల తరబడి బాధపడకండి, చిన్న మందుతో పోతాయి. కుడి పక్క డొక్కలో నొప్పి వచ్చి స్కానింగులో పిత్తాశయంలో రాళ్ళలా కనబడితే, వెంటనే ఆపరేషను అని హడలిపోకండి. సెఫ్ట్రియాక్సోన్ అక్కడ పేరుకుని అలా కనిపించడం ఉంది. మందు ఆపాక చాలామందిలో దానంతటదే పోతుంది. కనుక స్కానింగు డాక్టరుకి కూడా మందు పేరు చెప్పాలి.

పేరు గుర్తుండదు కదా అంటారా? పాల లెక్కలు రాసుకునే నోటుబుక్కులోనే ఒక పేజీ కేటాయించండి. డబ్బా అట్టముక్క కత్తిరించి అంటించి, పక్కన ఎవరికి, ఎందుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఒంటికి పడిందా లేదా అన్నది రాసుకోండి. పడకపోతే ఎర్ర ఇంకుతో. మందు తేడా చేసిన సంగతి మనమే నేరుగా చెప్పడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది, అదీ ఆ పేజీ పైనే రాసి ఉంచండి.