పొదుగుకొచ్చిన పెట్టను నీళ్లలో ముంచకండి

మొన్న పొద్దున్నే పాలు పితుకుతుంటే పక్కింట్లో కోడి గోల. వెళ్లి చూస్తే మా బావ పెట్టను రెక్కలు పట్టుకుని గేదెల తొట్లో ముంచి తీస్తున్నాడు. ఇదేంటి బావా అంటే, "పది రోజులైంది, గూట్లోంచి లేవట్లేదు. గుడ్డు లేదు, పాడు లేదు. ఊరికే గింజలు దండగ" అన్నాడు. రెండు మూడుసార్లు ముంచితే పొదుగు దిగుద్దట. దిగకపోతే ముక్కులో ఈక గుచ్చుతాడట.

మా బావ ఒక్కడే కాదు, మన ఊళ్లలో సగం మంది ఇదే చేస్తున్నాం. నేనూ చేశాను, నాలుగేళ్ల కిందటి దాకా. అందుకే ఇది రాస్తున్నా. ఎవరినీ తప్పు పట్టడానికి కాదు.

ముందు బావ లెక్కే చూద్దాం, ఎందుకంటే ఆ లెక్కలో కొంత నిజం ఉంది. పొదుగు 21 రోజులు. పిల్లల్ని వెంటేసుకుని తిరగడం ఇంకో రెండు నెలలు. అంటే దాదాపు 80 రోజులు ఆ పెట్ట గుడ్డు పెట్టదు. పొదుగు మాన్పిస్తే ఆ 80 రోజుల్లో ఇంకో 20 గుడ్లు పెడుద్ది అనుకుందాం. మా దగ్గర నాటు గుడ్డు 15 రూపాయలు, అంటే 300. పొదగేయడానికి పెట్టిన 11 గుడ్ల ఖరీదు 165. మొత్తం 465 రూపాయలు మనం కోడి కింద పెట్టుబడి పెట్టినట్టు.

ఇక రాబడి. ఆరు పిల్లలు పెద్దవైతే, ఆరు నెలలకి పెట్టా పుంజూ కలిపి సగటున ఒక్కోటి 500కి మా సంతలో పోతది. 3000. నూకలకీ జొన్నలకీ 1000 తీసేయండి. పెట్టుబడి 465 తీసేయండి. ఇంకా పదిహేను వందల పైనే మిగులుద్ది. అదే రెండు పిల్లలే మిగిలితే? అటూ ఇటూ సరిపోద్ది. ఒక్కటీ మిగలకపోతే బావ చెప్పిందే కరెక్టు.

కాబట్టి లెక్క మొత్తం తేలేది కోడి పొదగడం దగ్గర కాదు, పొదిగాక పిల్లలు ఎన్ని బతికాయన్న దగ్గర. అక్కడ తప్పు కోడిది కాదు, మనది. నా మాట ఇంతే.

ఇది నాకు ఊరికే తెలియలేదు. మూడేళ్ల కిందట టౌను నుంచి 60 గుడ్ల ఇంక్యుబేటర్ తెచ్చాను. కోడితో పనేంటి, మిషనే పొదుగుద్ది కదా అనుకున్నా. మొదటి విడత 52 గుడ్లు పెట్టాను. సంక్రాంతి ముందు చలికాలం. ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం. తొమ్మిది పిల్లలు లేచినయ్. మిగతావి పగలగొట్టి చూస్తే సగం సగం తయారైన పిల్లలు. ఆ రోజు అన్నం సయించలేదు.

రెండో విడతకి ఇన్వర్టర్ కలిపాను. 38 లేచినయ్. ఊరంతా చెప్పుకున్నా. అట్టపెట్టెలో బల్బు కింద నెల రోజులు బాగానే పెరిగాయి. తర్వాత దొడ్లోకి వదిలాను. అప్పుడు మొదలైంది. గద్ద నీడ పడితే పరిగెత్తి చెట్టు కిందకి దూరాలని వాటికి తెలియదు, తలెత్తి చూస్తూ నిలబడతాయి. పొద్దుగూకితే గూట్లోకి రావు, ఎక్కడున్నవి అక్కడే ముడుచుకుంటాయి. పిల్లి వచ్చి ఏరుకుని తింది. రెండు నెలలు తిరిగేసరికి 11 మిగిలినయ్. మా అమ్మ చూసి ఒకటే అంది, "వాటికి చెప్పేవాళ్లు ఎవరున్నార్రా?"

కోడి చేసే పని అదే. పొదగడం దాని పనిలో సగమే. మిషను 37.5 డిగ్రీలు పట్టుకోవడానికి కరెంటు తింటది. పెట్ట తన పొట్ట కింద ఈకలు రాల్చుకుని, ఒళ్లు నేరుగా గుడ్డుకి ఆనించి ఆ వేడి ఇస్తది. రోజులో ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లు తిప్పుద్ది. ఇక పిల్లలు లేచాక నూక కనపడితే టుక్ టుక్ మని పిలుస్తది. గద్ద కనపడితే ఒక్క కేక వేస్తది, పిల్లలన్నీ ఎక్కడివక్కడ మాయం. చెదలు ఎక్కడుంటాయో, పేడకుప్ప ఎట్లా కెలకాలో, సాయంత్రం ఏ గూటికి చేరాలో రెండు నెలలు నేర్పుద్ది. ఈ చదువు చెప్పే మిషను ఇంకా రాలేదు.

అయితే కోడి మీద వదిలేసి మనం అరుగు మీద కూర్చుంటే కుదరదు. ఇంక్యుబేటర్ కన్నా ముందు నేను ఒకసారి అట్లాగే వదిలేశాను. పది లేచినయ్, రెండు మిగిలినయ్. వానకి మూడు, పిల్లికి రెండు, కొక్కెర తెగులుకి మిగతావి. అప్పుడు కూడా కోడినే తిట్టాను. ఇప్పుడు నేను చేసేది చెప్తాను.

అన్ని పెట్టల్నీ పొదగేయను. ఒళ్లు బాగుండి, చేయి పెడితే ఈకలు పొంగించి కొట్టొచ్చే దాన్నే కూర్చోబెడతాను. గుడ్లు పుంజుతో తిరిగే పెట్టలవే, వారం లోపువే. ఎండాకాలం గుడ్డు నాలుగు రోజులకే పాడవుద్ది, అందుకే దసరా నుంచి శివరాత్రి దాకా వచ్చే పొదుగులనే నమ్ముకుంటాను. పెట్ట రెక్కల కింద పూర్తిగా పట్టేన్నే, అంటే 10 నుంచి 12. ఆశపడి 18 పెడితే అంచు గుడ్లకి వేడి అందదు, అవి లోపలికీ లోపలివి బయటకీ మారుతూ అన్నీ చెడతాయి. గుడ్లు కడగను. ఒక్కోదాని మీద బొగ్గుతో గీత పెడతాను, వేరే పెట్ట వచ్చి కొత్త గుడ్డు పెడితే తెలిసిపోద్ది.

పాత గంపలో అడుగున బూడిద, పైన ఎండుగడ్డి. బూడిద ఎందుకంటే పేలు. పేలు పడితే ఎంత మంచి తల్లైనా గుడ్లు వదిలేసి లేచిపోద్ది. చోటు మార్చాల్సి వస్తే రాత్రి పూటే మారుస్తాను. గింజలూ నీళ్లూ దగ్గర్లోనే పెడతాను. రోజుకి ఒకసారి లేచి, పావుగంట ఇరవై నిమిషాలు తిని, రెట్ట వేసి, దుమ్ములో పొర్లి మళ్లీ తనే వచ్చి కూర్చుంటది. అప్పుడు దాన్ని అదిలించకూడదు.

ఎనిమిదో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూస్తాను. లోపల ఎర్రటి దారాల్లాగా కనిపిస్తే పిల్ల పడినట్టు. తేటగా ఉంటే తీసేస్తాను. 18వ రోజు తర్వాత గుడ్డు ముట్టుకోను. పిల్ల పెంకు పగలగొట్టుకుంటుంటే జాలిపడి మనం వొలవకూడదు, నెత్తురు కారి చచ్చిపోద్ది. మొదటి పిల్ల రాగానే మేత వేయాలని కంగారు అక్కర్లేదు. కడుపులో పచ్చసొన ఉంటది, రెండు రోజులు దానికి అదే అన్నం.

అసలు కష్టం ఇక్కడి నుంచి ఆరు వారాలు. మొదటి రెండు వారాలు తల్లినీ పిల్లల్నీ పెద్ద గంప కింద కమ్మి, సాయంత్రం కాసేపు నేను కాపలా ఉండి వదులుతాను. తర్వాత దొడ్లో ఓ మూల పాత చేపల వల పందిరిలాగా కట్టాను, నూకలు ఎప్పుడూ దాని కిందే చల్లుతాను. నీళ్లకి లోతు లేని మూకుడు, అందులో నాలుగు రాళ్లు, పిల్లలు మునిగి చావకుండా. వాన వస్తే కొట్టంలోకి.

ఇక కొక్కెర తెగులు. వారం లోపు పిల్లలకి కంట్లో ఒక చుక్క లసోటా, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్2బి సూది. ఇది వేయకుండా మిగతా ఎంత చేసినా ఒక్క వారంలో గంప ఖాళీ. మనకి ఇబ్బంది ఏంటంటే ఆ మందు చిన్న సీసా అయినా వంద కోళ్లకి సరిపడా ఉంటది. ఐసులో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లల కోసం ఎవరు తెస్తారు అని అందరం మానేస్తున్నాం. పోయినేడు మేం నాలుగిళ్లవాళ్లం మాట్లాడుకుని ఒకే వారంలో కోళ్లని పొదగేశాం. పిల్లలన్నిటికీ ఒకే సీసా. ఖర్చు పంచుకుంటే ఇంటికి టీ డబ్బులు కూడా కాలేదు. నా వాటా 11 గుడ్లలో 9 లేచి 7 మిగిలినయ్.

ఇంకో మాట. "ఎందుకన్నా ఇదంతా, వనరాజా, గ్రామప్రియ పిల్లలు తెచ్చుకుంటే పోలా?" అని మా తమ్ముడు అడుగుతాడు. గుడ్లే కావాలంటే తెచ్చుకోండి, రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ వాళ్లు పెరట్లో పెంచడానికే వాటిని తయారు చేశారు. నాటు పెట్ట కన్నా ఎక్కువే పెడతాయి. కానీ అవి మామూలుగా పొదగవు. ప్రతిసారీ పిల్లల్ని కొనాల్సిందే. ఎక్కువ గుడ్ల కోసం పొదుగు గుణాన్ని ఏరి తీసేస్తూ వచ్చారు కాబట్టే ఫారం కోడికి పొదగడం పోయింది. మనం కూడా పొదుగుకొచ్చిన ప్రతి పెట్టనీ ముంచి, కూర్చోని దాని గుడ్లే నిలబెట్టుకుంటూ పోతే మన నాటు కోడికి కూడా అదే గతి. విత్తనం బజార్లో కొనడం మొదలయ్యాక ఏమైందో మనకి ఒకరు చెప్పాలా? కోడి విషయంలో విత్తనం ఇంకా మన గంపలోనే ఉంది. అందుకే ఎక్కువ పిల్లల్ని నిలబెట్టిన తల్లి కూతురునే నేను తర్వాతి పొదుగుకి ఉంచుకుంటాను. సంతకి దాన్ని పంపను, ఎంత ధర వచ్చినా.

వంద పిల్లలు కావాలనుకునేవాళ్లకి మిషనే దారి, కాదనను. నాలుగైదు పెట్టలున్న ఇంటికి మాత్రం తల్లి కోడిని మించింది లేదు. నిజంగా పొదుగు వద్దనుకున్న పెట్ట ఉంటే నీళ్లూ ఈకలూ వద్దు. అడుగున గాలి ఆడే జాలీ గూట్లో, గడ్డి లేకుండా మూడు నాలుగు రోజులు ఉంచి, మేతా నీళ్లూ పెట్టండి. దానంతట అదే దిగుద్ది.

మా ఇంట్లో కోళ్ల డబ్బులు అమ్మవి. మేం అడగం, ఆమె చెప్పదు. పిల్లల ఫీజు రోజున, పండగ ముందు రోజున ఆ చీర చెంగు ముడిలోంచే వస్తాయి. నేను పెట్టను నీళ్లలో ముంచిన ఏళ్లలో ఆ ముడి చాలాసార్లు ఖాళీగానే ఉందని ఇప్పుడు అర్థమవుతోంది.

మా బావ పెట్ట నిన్న మళ్లీ గూట్లో కూర్చుంది. ఈసారి 11 గుడ్లు నేనే తీసుకెళ్లి దాని కింద పెట్టొచ్చాను. లేస్తే సగం పిల్లలు నావి అని ఒప్పందం. మీ ఇంట్లో కూడా ఈ చలికాలం ఒక్క పెట్టకి అవకాశం ఇచ్చి చూడండి. ఎన్ని పెట్టారు, ఎన్ని లేచాయి, ఎన్ని మిగిలాయి అని గోడ మీద బొగ్గుతో రాసుకోండి. మూడో అంకె పెరిగిందా లేదా అన్నదే మన పనికి మార్కు.