నాలుగు పేర్లును సున్నపు గోడయు

రసాయనిక చర్యలు ముఖ్యముగా నాలుగు విధములని మేము విద్యార్థులకు బోధించుచుందుము: సంయోగము, వియోగము, స్థానభ్రంశము, ద్వంద్వవియోగము. ఒకనాడు వీని లక్షణములను తడబడక అప్పగించిన బాలుని, "ఈ గోడకు పూసిన సున్నము గట్టిపడినదెట్లు?" అని యడిగితిమి. అతడు తల వంచుకొనెను. దోషము వానిది కాదు. పేర్లు నేర్పి, వాని చుట్టరికము నేర్పని మాది.

సున్నపురాయిని బట్టీలో కాల్చినచో 100 పాళ్ళ రాయి, 56 పాళ్ళ కాల్చిన సున్నముగను 44 పాళ్ళ బొగ్గుపులుసు గాలిగను విడిపోవును. ఇది వియోగము. ఆ సున్నము 18 పాళ్ళ నీటితో కూడి, మిక్కిలి వేడిని వెలిగ్రక్కి, 74 పాళ్ళ నీరుదిన్న సున్నమగును. ఇది సంయోగము. గోడకు పూసిన పిదప నది గాలినుండి 44 పాళ్ళ బొగ్గుపులుసు గాలిని మెల్లగా గ్రహించి, 18 పాళ్ళ నీటిని విడిచి, మరల 100 పాళ్ళ సున్నపురాయి యగును. బట్టీలో నెంత పోయెనో గోడపై నంతయు వచ్చెను. కావున సంయోగ వియోగములు పగవారు కారు. ఒకే బాటపై రాకపోకలు.

ఇనుపమేకును మైలుతుత్తపు నీట నుంచినచో నినుము కరగి, రాగి మేకుపై పేరుకొనును. ఇనుప పరమాణువు తన రెండు ఎలక్ట్రానులను రాగి కిచ్చుటయే యిందలి కీలకము. మెగ్నీషియము మండునపుడును నట్లే ఎలక్ట్రానులు ఆక్సిజనునకు పోవును. పైకి నొకటి స్థానభ్రంశము, మరియొకటి సంయోగము. లోపల రెండును ఆక్సీకరణ క్షయకరణములను నొక్క కుటుంబమే. సున్నము నీటితో కూడుటయు సంయోగమే గాని, యందు ఎలక్ట్రానుల బదిలీ లేదు. ఉప్పునీటిలో సిల్వర్ నైట్రేటు ద్రావణము కలిపినచో తెల్లని మడ్డి దిగును. ఈ ద్వంద్వవియోగమునను బదిలీ లేదు. జంటలు మాత్రము మారును.

పేర్లు వలదని మా మతము కాదు. కాని యొక చర్యకు రెండు పేర్లు చెల్లవచ్చును. ఒకే పేరు గలవి లోపల వేరు కావచ్చును. కనుక పరీక్షలలో "లక్షణము వ్రాయుము" అనుటతోపాటు, "ఈ చర్య మరి యే చర్యకు బంధువు? ఏల?" అనియు నడుగవలెను. తల్లిదండ్రులును మార్కులెన్ని యని యడుగుటకు ముందు, ఇంటి గోడను చూపి యీ ప్రశ్న వేయుదురుగాక.

విద్యార్థులారా! బట్టీ పట్టుట మాని, సున్నపు బట్టీని చూచి రండు. మేమును ఇకపై మా పాఠమును అచ్చటినుండియే మొదలిడుదుము.