ఆర్సీలో ఒక ఇంజిను... బండిలో మరొకటి!

మదనపల్లె టమాటా మార్కెట్టుకో, గుంటూరు మిర్చి యార్డుకో తెల్లారుజామునే వెళ్లి చూడండి. వరసగా ఆగిన పికప్ బండ్లలో రెండు మూడు చేతులు మారి వచ్చినవి బోలెడు కనిపిస్తాయి. అప్పు చేసి అలాంటి బండి కొనుక్కుని, దాని కిరాయిలతోనే ఇల్లు నడుపుకొనే కుటుంబాలు మన ఊళ్లలో తక్కువేం కాదు. టైర్లు కొత్తవి, రంగు మెరుస్తోంది, తొట్టికి తుప్పు లేదు... ఇవన్నీ చూసి బయానా ఇచ్చేస్తాం. బానెట్ ఎత్తి ఇంజిను నంబరును ఆర్సీతో సరిచూసుకునే వాళ్లు మాత్రం అరుదు. అసలు తిరకాసంతా అక్కడే!

పాత బండి ఇంజిను బోరుకొచ్చిందంటే విప్పి చేయించడానికి చాలానే ఖర్చవుతుంది. యాక్సిడెంటైన మరో బండి ఇంజిను దొరికితే కొందరు దాన్నే బిగించేస్తారు. అనుమతి తీసుకుని, అదే కంపెనీ, అదే రకం ఇంజిను పెట్టుకుంటే తప్పు లేదు. ఎవరికీ చెప్పకుండా మార్చేసి అమ్మేయడమే పేచీ. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఇంజిను మారితే యజమాని 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్సీలో రాయించుకోవాలి. అది జరగకపోతే ఆ తలనొప్పి కొన్నవాళ్లకు వస్తుంది. ప్రమాదం జరిగి బీమా సొమ్ముకు వెళ్తే, పాలసీలో ఉన్న నంబరు, బండిలో ఉన్న నంబరు వేరని తేలుతుంది. ఆ ఇంజిను దొంగ బండిదైతే పోలీసు స్టేషన్ మెట్లూ ఎక్కాల్సి రావచ్చు.

నంబరు చూడటం బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజిను దిమ్మ మీద చదునుగా చేసిన చోట దాన్ని కొడతారు. ఎక్కడన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఆ బండ్లు చేసే మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లండి. డీజిల్‌లో ముంచిన గుడ్డతో జిడ్డు తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. ఆర్టీఏ పనులకు తీసే పెన్సిల్ ప్రింటే ఇది! గ్రైండింగ్ గీతలున్నా, అంకెలు వంకరటింకరగా ఉన్నా ఆ బండి ఎంత చవకైనా వదిలేయండి.

నంబరు తేడా ఉంది, ఇంజిను కొన్న బిల్లు మాత్రం పక్కాగా ఉంది. అలాంటప్పుడు తెలుసుకోవాల్సింది లోపల ఉన్నది ఏ ఇంజిను అని. బండి పేరును నమ్ముకుంటే కుదరదు. 1988లో వచ్చిన టాటా మొబైల్‌లో 1948 సీసీ ఇంజిను ఉండేది. తర్వాతి 207 డీఐకి 2956 సీసీ. షాపుకెళ్లి ‘207కి గ్యాస్కెట్ ఇవ్వండి’ అంటే ఏదిస్తారు? బొలెరో పికప్‌ది ఇంకో చిత్రం. 2523 సీసీలోనే మామూలు పంపు ఇంజినూ ఉంది, కామన్‌రైల్ ఇంజినూ ఉంది. ఆర్సీలోని సీసీ సరిపోయినా సరుకు వేరు కావచ్చన్నమాట. తేడా కంటికే కనిపిస్తుంది. కామన్‌రైల్‌లో ప్రతి ఇంజెక్టర్‌కూ కరెంటు వైరు ఉంటుంది. పాత రకంలో పంపు నుంచి నాలుగు సన్నటి ఇనుప గొట్టాలు నేరుగా ఇంజెక్టర్లకు వెళ్తాయి, వాటికి వైర్లుండవు.

మా బంధువుల్లో ఒకాయన కొన్న పికప్ ఘాట్ ఎక్కితే చాలు కుతకుతమనేది. మీటరు ముల్లు మాత్రం కదిలేది కాదు. థర్మోస్టాట్ మార్చారు, రేడియేటర్ కడిగించారు... ఊహూఁ. చివరికి ఓ పెద్ద మేస్త్రీ ఇంజెక్టర్లకు వైర్లు లేవని గమనించి అసలు సంగతి పట్టేశాడు. కామన్‌రైల్ బండిలో పంపు ఇంజిను పెట్టిన వాళ్లు ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన కవరు తీసి పారేశారు. వేడి చూపే సెన్సర్ వైరును ఓ మూల చుట్టి కట్టేశారు! కవరు బిగించి, ఆ ఇంజినుకూ మీటరుకూ కుదిరే సెన్సర్ పెట్టాక వేడి అదుపులోకొచ్చింది.

అందుకే మారిన ఇంజిను రిపేరును మీటర్ల దగ్గరే మొదలుపెట్టించాలి. తాళం తిప్పగానే ఆయిల్ ఎర్రలైటు వెలగాలి, ఇంజిను స్టార్టయిన కొద్ది సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగలేదంటే బల్బో వైరో పోయినట్టే. ఆయిల్ తగ్గినా మీకు తెలిసే దారి ఉండదు, ఇంజిను పట్టేసి రోడ్డు మీద నిలబడిపోతారు. తర్వాత మౌంటింగులు చూడండి. సైజు కుదరక వెల్డింగ్ చేసిన బ్రాకెట్లుంటే అదురుకు సైలెన్సర్ గొట్టం పగులుతుంది, రబ్బరు పైపులు ఒరుసుకుపోతాయి. ఇక ఏ సామాను కొన్నా ఇంజిను నంబరు రాసుకుని, పాత ముక్క చేతపట్టుకునే షాపుకు వెళ్లండి.

బేరం ఖాయమయ్యాక డెలివరీ నోటులో ఆర్సీ మీది నంబరు, ఇంజిను మీది నంబరు... రెండూ రాయించండి. ఇంజిను బిల్లు కాపీ దానికి జతచేయమనండి. అమ్మినాయన సంతకం పక్కన తేదీతో పాటు బండి అప్పగించిన టైము కూడా ఉండాలి.